వాల్వు బేస్ ఆంప్లిఫయర్ నేర్చుకుందాం – 3వ పాఠం: ఇనుము బేరం

పోయిన పాఠంలో చాసిస్ (ఆంప్ లోపలి లోహపు పెట్టె) తెరిచే పద్ధతి చూశాం. ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 400, 500 వోల్టులు నిలవుంటాయి. వాటిని 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టెన్స్‌తో దించి, మీటరులో సున్నా కనిపించాకే లోపల చెయ్యి పెట్టాలి. అది ఇంకా అలవాటు కానివాళ్ళు ఈ పాఠం చదవండి, చాసిస్ మాత్రం తెరవకండి.

ఈసారి బేస్ గిటారు కోసం పాత ఆంప్ కొనడం గురించి. పాత వాల్వు ఆంప్ కనపడగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ట్యూబులు ఒరిజినలేనా?" అని. నన్నడిగితే అది చివర అడగాల్సిన ప్రశ్న. ట్యూబులు, అంటే వాల్వులే, అరిగిపోయే సరుకు. 6ఎల్6, ఈఎల్34, 12ఏఎక్స్7 ఇప్పటికీ రష్యా, చైనా, స్లొవేకియాల్లో తయారవుతూనే ఉన్నాయి. కండెన్సర్లు, రెసిస్టెన్స్‌లు కావాలంటే తిరుపతిలో పొద్దున బస్సెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొనుక్కుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఎక్కడికి పోయినా అదే సరుకు దొరకనిది ట్రాన్స్‌ఫార్మరొక్కటే. పవర్ ట్రాన్స్‌ఫార్మరైతే మంచి మోటారు వైండింగు షాపులో చుట్టించుకోవచ్చు. ట్యూబులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అలా కాదు. దాంట్లో ప్రైమరీ (ట్యూబుల వైపు తీగ) కొంత, సెకండరీ (స్పీకర్ వైపు తీగ) కొంత, మళ్ళీ ప్రైమరీ కొంత, ఇట్లా పొరలు పొరలుగా కలిపి చుట్టి ఉంటారు. చుట్ల లెక్క సరిపోయినా పొరల వరస తప్పితే పైస్వరాలు మొద్దుబారిపోతాయి. కాబట్టి బేస్ ఆంప్ కొనడమంటే ఇనుము కొనడమే.

ఎందుకో ఇంటర్ ఫిజిక్సుతోనే తేలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో నిండే అయస్కాంత అభివాహం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. గిటారు లావు తీగ 82 హెర్ట్‌జ్, బేస్ లావు తీగ 41. అంటే అవే వాట్లు బయటికి రావాలంటే బేస్‌కు కోర్ రెండింతలు నిండుతుంది. అయిదు తీగల బేస్ వాయించేవాళ్ళకు కింది 'బీ' తీగ 31 హెర్ట్‌జ్ దగ్గరుంటుంది, ఇంకా కష్టం. గిన్నె నిండాక పోసిన నీళ్ళు బయటికే పోయినట్టు, కోర్ నిండాక ఎంత వాల్యూం పెంచినా శబ్దం పెరగదు, చీలిపోతుంది.

ఆంపెగ్ ఎస్‌వీటీ 1969లో వచ్చింది. 300 వాట్లు. స్పీకర్ బాక్సు లేకుండా హెడ్ ఒక్కటే 40 కిలోల దరిదాపు తూగుతుంది. ఆ బరువులో చెక్క ఎంత, తీగలెంత? ఎక్కువభాగం ఇనుమూ రాగీనే. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌లో వాడాక దాని పేరు మారుమోగింది. అదే కంపెనీ 1960లో తెచ్చిన బీ-15 మాత్రం 15 అంగుళాల స్పీకర్ ఒక్కటున్న చిన్న ఆంప్, 30 వాట్లకు మించదు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బుల్లో వాడింది దాన్నే. స్టూడియోకు, చిన్న క్లబ్బుకు ఆ వాట్లు చాలు, శామియానా కింద డ్రమ్స్ పక్కన చాలవు.

ఫెండర్ బేస్‌మ్యాన్ సంగతి వేరు. 1952లో బేస్ కోసమే పుట్టింది. 1950ల చివర్లో నాలుగు 10 అంగుళాల స్పీకర్లతో వచ్చిన మోడల్‌ని గిటారు వాళ్ళు ఎగరేసుకుపోయారు. దాని సర్క్యూట్‌ని చూసే ఇంగ్లండ్ గిటారు ఆంప్‌ల కంపెనీ మార్షల్ తన మొదటి ఆంప్ జేటీఎం45 కట్టింది. ఇప్పుడు దానికి పలికే ధర గిటారు వాళ్ళు పెంచిన ధర. వెనక తెరిచి ఉన్న ఆ బాక్సులోంచి లోతైన బేస్ అంతగా రాదు కూడా. బేస్ వాయించేవాడు ఆ డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం.

సరే, మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో చేతికి వచ్చేవి రెండు రకాలు. అమెరికా నుంచి ఎవరో తెచ్చుకుని, తర్వాత చెన్నైలోనో బెంగళూరులోనో అమ్మకానికి పెట్టినవి ఒక రకం. మైకుసెట్టు షాపుల అటకల మీదున్న పాత పీఏ ఆంప్లిఫయర్లు రెండో రకం.

మొదటి రకంలో వెనక ప్లేటు మీద ఏం రాసుందో చదవండి. "117 వోల్టులు, 60 హెర్ట్‌జ్" అని మాత్రమే ఉంటే రెండు చిక్కులు. వోల్టేజీకి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. బరువైన ఇనుముదే తీసుకోండి, హెయిర్ డ్రయర్ల కోసం అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ కన్వర్టర్ వద్దు. ఎస్‌వీటీ అంతటిదానికి కనీసం 1000 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) మోసేది కావాలి. రెండో చిక్కు 60 హెర్ట్‌జ్. మన కరెంటు 50. పైన చెప్పిన భాగహారమే ఇక్కడా: ఫ్రీక్వెన్సీ తగ్గింది కాబట్టి కోర్ 20 శాతం ఎక్కువ నిండుతుంది. ఉదారంగా ఇనుము వేసిన కంపెనీల ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తట్టుకుంటుంది, పిసినారి కంపెనీలది మాడుతుంది. అమ్మేవాళ్ళ దగ్గరే తేల్చుకోవచ్చు. ట్యూబులన్నీ తీసేసి, స్టెప్‌డౌన్‌కు ముందు 100 వాట్ల మామూలు బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటివ్వండి (ఎల్ఈడీ బల్బు పనికిరాదు). బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే బాగున్నట్టు. వెలుగుతూనే ఉంటే షార్టుంది, అక్కడే ఆపేయండి. మసకబారితే బల్బు తీసేసి ఓ అరగంట వదిలేయండి. ట్యూబులే లేవు, లోడే లేదు. అయినా ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే, మే నెలలో గంగమ్మ జాతర స్టేజీ మీద దాని గతేమిటో ఆలోచించుకోండి.

రెండు పిన్నుల ప్లగ్గున్న అమెరికా ఆంప్‌లో మెయిన్స్ నుంచి చాసిస్‌కు ఒక కండెన్సర్ ఉంటుంది. అది షార్టయితే గిటారు తీగలకే కరెంటొస్తుంది. దాన్ని కత్తిరించి పారేసి, మూడు పిన్నుల వైరు వేసి, ఎర్తును చాసిస్‌కు గట్టిగా బిగించండి. ఇందులో బేరమాడేందుకేం లేదు.

ఇక మైకుసెట్టు రకం. మా వైపు గుళ్ళ ఉత్సవాలకు, పెళ్ళిళ్ళకు హారన్ స్పీకర్లు కట్టిన కాలం నాటివి. కొన్నిట్లో బెంగళూరు బీఈఎల్ చేసిన వాల్వులు ఇంకా అలాగే ఉంటాయి. ఇట్లాంటిది అటక మీంచి దించి, దుమ్ము దులిపి, "దీంతో ఏం చేస్తావప్పా, బరువు తప్ప ఏముందిందులో?" అన్నాడు ఒక మైకుసెట్టు అన్న. "ఆ బరువు కోసమేనన్నా" అంటే నవ్వాడు. వెనక టెర్మినల్ పట్టీ మీద 4, 8, 16 ఓమ్‌లు, చివర 100 వోల్టులు అని చెక్కి ఉంది. స్క్రూలకు పచ్చగా చిలుము పట్టింది. మన స్పీకర్ పెట్టాల్సింది 8 దగ్గర. 100 వోల్టుల లైను దూరంగా కట్టే హారన్ల కోసం. 50 వాట్ల ఆంప్‌లో ఆ టెర్మినల్ 200 ఓమ్‌ల లోడు చూడాలనుకుంటుంది, అక్కడ 8 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే దాదాపు షార్టు చేసినట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ది. ప్లగ్గు పీకి, కండెన్సర్లు దించి, పవర్ ట్యూబులు, స్పీకర్ తీసేయండి. ముందు ఓమ్ మీటరు: ప్రైమరీ మధ్య తీగ నుంచి రెండు ప్లేట్లకూ (పవర్ ట్యూబులకు పోయే రెండు చివరలకూ) దగ్గర దగ్గర రీడింగు రావాలి. 10, 15 శాతం తేడా ఉన్నా భయం లేదు, బయటి పొర చుట్లు పొడుగ్గా ఉంటాయి కదా. ఏదో ఒక వైపు అసలు రీడింగే రాకపోతే తీగ తెగింది. ప్రైమరీ తీగలను సర్క్యూట్ నుంచి విడదీశాక కూడా ప్రైమరీకీ చాసిస్‌కూ మధ్య రీడింగొస్తే ఇన్సులేషన్ పోయింది. రెండింటిలో ఏదైనా అయితే ఇక తూకం లెక్కన ఇస్తేనే కొనండి.

ఓమ్ మీటరుకు చిక్కని జబ్బొకటుంది, లోపల నాలుగు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోవడం. దానికి 12 వోల్టుల ఏసీ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఫోను అడాప్టర్ కాదు, అది డీసీ. ఆ 12 వోల్టులను రెండు ప్లేట్ల మధ్య పెట్టి, 8 ఓమ్‌ల టెర్మినల్ దగ్గర కొలవండి. 0.5 వోల్టు వచ్చిందనుకుందాం. 12ని 0.5తో భాగిస్తే నిష్పత్తి 24. దాని వర్గం 576, ఎనిమిదితో గుణిస్తే 4608. అంటే ట్యూబులకు కనపడే లోడు సుమారు 4.6 కిలో ఓమ్‌లు, రెండు 6ఎల్6లకు సరిపోయే లెక్క. చుట్లు షార్టయి ఉంటే ఆ 12 వోల్టులు పెట్టీ పెట్టగానే మూడుకో నాలుగుకో కూలబడతాయి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలడం మొదలవుతుంది. ఒక జాగ్రత్త: తిప్పి చేయకండి. 8 ఓమ్‌ల వైపు 12 వోల్టులిస్తే అవతల 288 వోల్టులు తయారవుతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంది. బేస్ మోస్తుందా? ఆంప్ పనిచేసే స్థితిలో ఉంటే ఫోనులో టోన్ జనరేటర్ వేసి ఇన్‌పుట్‌కివ్వండి. స్పీకర్ బదులు 8 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టెన్స్ కట్టండి. లోడు లేకుండా వాల్వు ఆంప్ నడపకూడదని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం. 200 హెర్ట్‌జ్ పెట్టి, అవుట్‌పుట్ 1 వోల్టు వచ్చేదాకా వాల్యూం తిప్పి, ఇక వాల్యూం ముట్టుకోకుండా 41కి మార్చండి. ఎంతకు పడిందో రాసుకోండి. మళ్ళీ 200కు పోయి ఈసారి 10 వోల్టులకు, అంటే పన్నెండున్నర వాట్లకు పెంచి, అదే పని చేయండి.

రెండుసార్లూ ఒకే నిష్పత్తిలో పడితే లోపం చాలావరకు కప్లింగ్ కండెన్సర్లలో (ఒక ట్యూబు నుంచి తర్వాతి ట్యూబుకు సిగ్నల్ పంపేవి) ఉంటుంది. హారన్లు చిరగకుండా పీఏ ఆంప్‌లలో వాటిని కావాలనే చిన్నవి వేస్తారు. 0.01 మైక్రోఫారడ్ కండెన్సర్ 220 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టెన్స్‌తో కలిస్తే 72 హెర్ట్‌జ్ నుంచే కోత మొదలవుతుంది. దాని స్థానంలో 0.047 వేస్తే ఆ గీత 15 హెర్ట్‌జ్‌కు దిగుతుంది. 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ తీసుకోండి, పదినిమిషాల టంకం పని. అదే, 1 వోల్టు దగ్గర బాగుండి 10 దగ్గర మాత్రమే కూలిందంటే కోర్ నిండిపోయింది. కండెన్సర్లు మార్చి లాభం లేదు. దాన్ని హార్మోనికా వాళ్ళకో గిటారు వాళ్ళకో ఇచ్చేయండి, సంతోషంగా వాడుకుంటారు.

హమ్ గురించి ఒక్కమాట, బేస్ వాయించేవాళ్ళకు ఇది తేలిక. ఆంప్ గుర్రుమంటుంటే మీ బేస్ 'జీ' తీగను ఖాళీగా మీటండి. అది 98 హెర్ట్‌జ్. హమ్ దానికి కాస్త పైన పలికితే అది 100 హెర్ట్‌జ్: ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయి. లావు తీగ మూడో ఫ్రెట్ దగ్గర, 49 హెర్ట్‌జ్‌కు కాస్త పైన పలికితే 50: హీటర్ వైరింగో, ఎర్తో చూసుకోవాలి. కొనేటప్పుడు మొదటిది ఉంటే సంతోషించండి. ధర తగ్గించమనడానికి పనికొస్తుంది, బాగుచేయడం సులువు.

రెండు ఆంప్‌లను పోల్చాలంటే ఒకే స్పీకర్ బాక్సు, ఒకే బేస్, ఒకే తీగలు. ముఖ్యంగా ఒకే వాల్యూం. కాస్త గట్టిగా మోగేదే చెవికి మంచిదనిపిస్తుంది. 100 హెర్ట్‌జ్ టోన్ ఇచ్చి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర రెండిటికీ ఒకే వోల్టేజీ సర్దండి, ఆ తర్వాతే వాయించండి. ఫోనులోని సౌండ్ మీటరును నమ్ముకుంటే 'ఏ' వెయిటింగ్ తీసేసి 'సీ' పెట్టండి. 'ఏ'లో 41 హెర్ట్‌జ్‌ను 30 డెసిబెల్స్‌కు పైగా తగ్గించి చూపిస్తుంది, మనకు కావాల్సిందే అందులో ఉండదు. 50 వాట్లకూ 100 వాట్లకూ మధ్య తేడా 3 డెసిబెల్సే కాబట్టి వాట్ల కోసం అప్పులు చేయకండి.

వచ్చేవారానికి పని: మీ దగ్గరున్నదో, స్నేహితుడి దగ్గరున్నదో ఏదో ఒక వాల్వు ఆంప్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి కొలిచి, ట్యూబుల నంబర్లతో కలిపి రాసి పెట్టుకోండి. 1 ఓమ్ 1 వాట్ రెసిస్టెన్స్‌లు ఒక్కో పవర్ ట్యూబుకు ఒకటి చొప్పున తెచ్చుకోండి. నాలుగో పాఠంలో వాటిని ట్యూబుల క్యాథోడ్‌లకు టంకం వేసి బయాస్ (పవర్ ట్యూబులో నిలకడగా పారే కరెంటు) సర్దుదాం.