హాల్లో పరిచే రంగుల జంపఖానా: ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి?

రంగు చూసి మనసు పారేసుకోవడం తేలిక. కానీ జంపఖానా అయినా, వేరే తివాచీ అయినా కొనేటప్పుడు రంగు చివర్న చూడాలి. ముందు కొలత, తర్వాత నేత.

కొలత

సోఫా ముందు పాత పేపర్లు పరిచి, ఎంతవరకు రావాలో కళ్లతో చూసుకోండి. సోఫా ముందు కాళ్లు 6 నుంచి 8 అంగుళాలు తివాచీ మీదికి ఎక్కాలి, పక్కలకు సోఫా కంటే కాస్త వెడల్పు ఉండాలి. మూడు సీట్ల సోఫాకు 5×8 అడుగులు సాధారణంగా సరిపోతుంది. డబ్బు కలిసొస్తుందని 4×6 తెస్తే టీపాయ్ కిందే ఉండిపోయి హాలు ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. డైనింగ్ టేబుల్ కిందైతే నాలుగువైపులా రెండేసి అడుగులు వదలండి. లేదంటే కుర్చీ జరిపిన ప్రతిసారీ వెనక కాళ్లు అంచు దిగి తట్టుకుంటాయి.

నేత

షాపులో వెనక్కి తిప్పి చూడండి. గుడ్డ అతికించి ఉంటే అది టఫ్టెడ్ రకం: దారాన్ని గన్‌తో గుచ్చి లేటెక్స్ జిగురుతో పట్టిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు ఎండి పొడిగా రాలుతుంది. ముడులు విడివిడిగా కనిపిస్తే చేత్తో ముడివేసింది. ఏలూరు ఉన్ని తివాచీలు ఈ కోవవే. రెండు వైపులా ఒకే డిజైన్ ఉంటే జంపఖానా, అంటే దర్రీ.

హైదరాబాద్ దుమ్ముకు మేం నూలు దర్రీనే చెబుతాం. పైకి లేచి నిలబడే దారాలు ఉండవు కాబట్టి దుమ్ము లోపలికి దిగదు, దులిపితే పోతుంది, ఒకవైపు మాస్తే రెండోవైపు తిప్పుకోవచ్చు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్‌లోని కొత్తవాడ మగ్గాల మీద నేసిన ఆ గళ్లు, త్రికోణాలు నేటి ఫ్లాట్లకు చక్కగా అమరుతాయి. మాదాపూర్ శిల్పారామంలో చేనేత మేళా పెట్టినప్పుడు వెతకండి.

రంగు

గదిలో ఉన్న రెండు రంగులు, లేనిది ఒకటి: దర్రీలో ఈ మూడూ ఉంటే చాలు. షాపు తెల్ల లైట్లను నమ్మకండి. ఇంట్లో పసుపు వెలుగు బల్బుల కింద ఎరుపు, నారింజ మెరుస్తాయి, నీలం మసకబారుతుంది. వీలైతే వాకిట్లోకి తెచ్చి పగటి వెలుగులోనూ చూడండి.

తెల్లగుడ్డ తడిపి ముదురు రంగు మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే దాన్ని ఇంట్లో ఉతకకూడదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, నిలవదు. ఉప్పు అద్దకం తొట్టిలో రంగును నూలుకు పట్టించడానికి పనికొస్తుందే కానీ, పట్టకుండా మిగిలిన రంగును ఆపలేదు.

పరచడం, ఉతకడం

టైల్స్ మీద ఉత్త దర్రీ జారుతుంది, పిల్లలూ పెద్దవాళ్లూ పడతారు. కింద జారని మ్యాట్ వేయండి. అది నాలుగువైపులా అంగుళం లోపలికే ఉండాలి. మార్బుల్ మీదైతే రబ్బరు మరక పడొచ్చు, అప్పుడప్పుడూ ఎత్తి చూస్తుండండి. తడిగుడ్డ పెట్టిన నేల పూర్తిగా ఆరాకే పరచాలి. తేమ చిక్కితే వానాకాలంలో ముక్కవాసన పట్టేస్తుంది.

రంగు అంటని చిన్న దర్రీని చల్లటి నీళ్లు, తేలికపాటి డిటర్జెంట్‌తో ఉతికి నీడలో ఆరేయండి. ఒక్క తీగ మీద వేస్తే తడి బరువుకు సాగి వంకర పోతుంది, రెండు మూడు తీగల మీద పరచండి. పడమటి కిటికీ ఎండ పడే చోటైతే ఆరు నెలలకోసారి తల అటుదిటు మార్చండి, లేకపోతే ఒక పక్కే వెలిసిపోతుంది. దాచేటప్పుడు మడతపెట్టకుండా చుట్టండి. మడత పడ్డచోట నూలు చిట్లుతుంది.