మాగేసిన మామిడి కుళ్ళుతోందా? మచ్చ ఎక్కడ మొదలైందో చూడండి

నున్న మార్కెట్‌లో కొన్న బంగినపల్లి అయినా, నూజివీడు తోట నుంచి తెచ్చిన రసాలైనా పచ్చిగా ఉన్నప్పుడు నిగనిగలాడి, మాగేసరికి నల్లబడితే ముందు గడ్డినీ గదినీ తప్పుపడతాం. ఒక్కసారి కాయను చేతిలోకి తీసుకుని, మచ్చ ఏ చోట మొదలైందో చూడండి. కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

తొక్క మీద నల్ల చుక్కలు, తొడిమ నుంచి కిందికి చారలు

ఇది ఆంత్రాక్నోస్, పక్షికన్ను తెగులు అని కూడా అంటారు. పూత, పిందె దశలో వాన పడినప్పుడు ఎండుపుల్లల మీది శిలీంధ్రం నీటితో పాటు జారి పిందెలకు అంటుకుంటుంది. ఆ చారలు నీళ్ళు జారిన దారులే. పచ్చికాయ తొక్కలోని సహజ రసాయనాలు దాన్ని ఎదగనివ్వవు. కాయ మాగేకొద్దీ అవి తగ్గుతాయి, తెగులు బయటపడుతుంది. అంటే గదిలో కనబడిన కుళ్ళు చెట్టు మీద ఉన్నప్పుడే పట్టిందన్నమాట.

కోసిన రోజే 52 డిగ్రీల వేడినీళ్ళలో 5 నుంచి 10 నిమిషాలు ముంచి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. థర్మామీటరు తప్పనిసరి, చేయి పెట్టి అంచనా వేయొద్దు. వేడి మరీ ఎక్కువైతే తొక్క కమిలిపోతుంది, తగ్గితే శిలీంధ్రం చావదు. కాయలు వేయగానే నీళ్ళు చల్లబడతాయి కాబట్టి పెద్ద పాత్రలో కొద్ది కాయలే వేసి కలుపుతూ ఉండండి. తడి ఆరని కాయలను మాత్రం గడ్డిలో పెట్టకండి, చేసిన పనంతా వృథా అవుతుంది. మచ్చలు అప్పటికే పైకి వస్తే ఈ పద్ధతి పనిచేయదు, వాటిని వేరు చేయడమే.

కోసిన కాయను తెగులు మందు నీళ్ళలో ముంచమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. అది పిల్లలు తినే పండు. తోట మీదే అయితే కోత అయ్యాక ఎండుపుల్లలు కత్తిరించి బయటికి తీసేయండి, వచ్చే ఏడాదికి అదే పెద్ద రక్షణ.

తొడిమ చుట్టూ గోధుమరంగు, చూస్తుండగానే కాయంతా మెత్తన

తొడిమ కుళ్ళు. ఈ శిలీంధ్రం కాడలోనే దాగి ఉండి, మాగే సమయంలో కాయలోకి దిగుతుంది. కర్రతో రాల్చిన కాయలకు తొడిమ ఊడి, మట్టి కూడా అంటుతుంది. చిక్కంతో, సెంటీమీటరు కాడ ఉంచి కోయించండి. సొన కారడానికి బోర్లించేటప్పుడు నేల మీద కాకుండా సందులున్న తట్టల మీద పెట్టాలి. పైన చెప్పిన వేడినీళ్ళు దీన్నీ తగ్గిస్తాయి.

దెబ్బ తగిలిన చోట నల్ల బూజు

గాయమే దారి. గీతపడ్డ కాయలను ఏరి పచ్చడికి వాడేయండి. నిరుటి గడ్డి వద్దు, పొడిగా ఉన్న కొత్తది వేయండి.

తొక్కపై గుంటలు, బూడిదరంగు, తర్వాత కుళ్ళు

చలి దెబ్బ. పచ్చిమామిడికి 13 డిగ్రీల కంటే బాగా తక్కువ చలి పడదు, ఇంట్లో ఫ్రిజ్ అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. బయటే మాగనిచ్చి, పండిన తర్వాతే రెండు మూడు రోజుల కోసం ఫ్రిజ్‌లో పెట్టండి.