వకీలును కలిసే ముందు ఫోన్లో చూసుకోవాల్సినవి

పర్లాకిమిడిలో నా టైపింగ్ షాపుకి వచ్చేవాళ్లలో చాలామందికి ఇటు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక కేసు, అటు ఆంధ్రలోని పాతపట్నంలో ఇంకోటి ఉంటాయి. వాయిదా తేదీ కోసం ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కొట్టండి. అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉంటాయి. మధ్యలో గీతలు, ఖాళీలు పెట్టకండి. ఒడిశా కేసైనా ఆంధ్ర కేసైనా అదే పెట్టెలో కొడితే చాలు.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే మాత్రం చట్టాలు వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆనక జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

2000 నాటి ఐటీ చట్టం ఇండియా కోడ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వేరే మనిషిలా నటించి కంప్యూటర్, ఫోన్ ద్వారా మోసం చేస్తే అందులో 66డి సెక్షన్ చూడండి. ఎవరైనా వీడియోలో 66ఎ సెక్షన్ (ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడం) కింద కేసు పెట్టమంటే ఆ వీడియో ఆపేయండి. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015లోనే దాన్ని కొట్టేసింది. తీర్పు చదవాలంటే ఇండియన్ కానూన్ సైట్ తేలిక.

ఇక వాట్సాప్ స్క్రీన్‌షాట్లు. అందరూ ప్రింటు తీయించుకుని పని అయిపోయిందనుకుంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు నింపాలి; ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, ఫైలు మారితే అదీ మారుతుంది) కూడా రాయాలి. అందుకే ప్రింటు చేతికిస్తూ ఒకటే చెబుతాను: చాట్ చెరపకండి, ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి.