బెడ్‌రూమ్‌లో ఒక్కడినే చేసిన పాట స్టేజీ ఎక్కాలంటే

మల్కాజిగిరిలో మా ఇల్లు రైలు పట్టాల దగ్గర. రాత్రి ఒంటిగంట దాటాక, రెండు రైళ్ల మధ్య దొరికే నిశ్శబ్దంలో, ఫ్యాన్ ఆపేసి, దుప్పటి కప్పుకుని పాడేవాడిని. చిన్న శబ్దాన్నీ పట్టేసే ఒక కండెన్సర్ మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, రికార్డింగ్‌కి రీపర్ సాఫ్ట్‌వేర్, సెకండ్‌హ్యాండ్ గిటార్. రెండేళ్లలో తొమ్మిది తెలుగు పాటలు అలా తయారయ్యాయి. వాటిని నలుగురం కలిసి జనం ముందు వాయించడానికి ఇంకో పది నెలలు పట్టింది. అదే పనిలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు డ్రమ్మర్‌నీ, బేస్ గిటార్ వాయించే బేసిస్ట్‌నీ వెతకండి, వీలైతే ఇద్దరినీ జంటగా. అమెరికన్ రాక్ బ్యాండ్ ఫూ ఫైటర్స్ మొదటి ఆల్బమ్‌ను 1994 అక్టోబర్‌లో డేవ్ గ్రోల్ దాదాపు ఒక్కడే అన్నీ వాయించి రికార్డ్ చేశాడు. తర్వాత బ్యాండ్ కట్టినప్పుడు నేట్ మెండెల్, విలియం గోల్డ్‌స్మిత్ బేస్‌కీ డ్రమ్స్‌కీ వచ్చారు. ఇద్దరూ అప్పటికే సన్నీ డే రియల్ ఎస్టేట్ అనే బ్యాండ్‌లో కలిసి వాయించినవాళ్లే. నేనూ కాలేజీ రోజుల నుంచి కలిసి వాయిస్తున్న ఇద్దరిని పట్టుకున్నాను. కాలితో వాయించే కిక్ డ్రమ్, బేస్ ఒకదానికొకటి అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు గడిపేసినవాళ్లు దొరికితే అదృష్టమే.

వాళ్లకు పాట మొత్తం ఒకే ఫైలుగా పంపకండి. డ్రమ్స్, బేస్, గిటార్లు, గొంతు దేనికది వేరుగా, అన్నీ ఒకే చోట మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి. శ్రుతి, టెంపో, పల్లవి ఎన్ని బార్లు (తాళం ఆవర్తనాలు), చరణం ఎన్ని బార్లు అన్నది ఒక కాగితం మీద రాసివ్వండి.

మొదటి రిహార్సల్‌కి రెండు పాటలు చాలు. మాది గంటకు 400 రూపాయల జామ్ రూమ్, మూడు గంటలు తీసుకున్నాం. మౌస్‌తో నేను వేసిన డ్రమ్స్‌లో ఒకచోట హైహ్యాట్, క్రాష్ అనే తాళాలు, టామ్ అనే డ్రమ్ మూడూ ఒకే క్షణంలో పడతాయి. డ్రమ్మర్ ఆ ముక్క రెండుసార్లు విని, కర్రలు ఒళ్లో పెట్టుకుని, "అన్నా, ఇక్కడ మూడు చేతులు కావాలి. ఏది వదిలేద్దాం?" అని అడిగాడు. ఆ తర్వాత పది నెలలూ మేము చేసింది ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే. అదే పాట పల్లవిలో ఏడు గిటార్లు పెట్టాను, మాకున్నవి రెండు. ఒక్కో ట్రాక్ మ్యూట్ చేస్తూ వినండి. ఏది తీస్తే పాట కూలిపోతుందో దాన్ని ఉంచండి. తీసేసిన ఐదు గిటార్ల నిండుదనం మాకు బేస్‌కి కాస్త డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెడితే చాలావరకు వచ్చేసింది.

గొంతు సంగతి ఇంకా ముఖ్యం. పక్కగదిలో అమ్మ పడుకుంది కదా అని గుసగుసగా పాడిన పాట అది, ఇ మేజర్‌లో. డ్రమ్స్ మొదలవగానే నా గొంతు నాకే వినపడలేదు. గిటార్ మూడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కి శ్రుతి పెంచే క్లిప్) పెట్టి జి మేజర్‌కి ఎత్తాం. పల్లవి చివర "రావేమో" అనే మాట ఉంది. రికార్డింగ్‌లో ఆ చివరి 'ఓ' ఊపిరితో కలిసి పోయేది, ఎత్తాక నాలుగు బీట్లు నిలబడింది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి లాగి పాడటానికి గొంతుకు పట్టు దొరుకుతుంది. మీ పాటల్లోనూ అలాంటి మాట ఎక్కడుందో చూసి, దాన్నిబట్టి శ్రుతి నిర్ణయించుకోండి.

గిటార్ డిలే, అంటే ప్రతిధ్వని ఎఫెక్ట్, కూడా టెంపోకి సరిపోవాలి. నిమిషానికి 120 బీట్ల టెంపోలో డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు) డిలే అంటే 375 మిల్లీసెకన్లు. కంప్యూటర్‌లో అది ఎప్పుడూ లెక్క తప్పదు. మనుషులు మాత్రం పల్లవి రాగానే కొంచెం పరిగెడతారు, డిలే వెనకబడుతుంది. ట్యాప్ టెంపో (కాలితో తడితే ఆ వేగానికి డిలే మారే సదుపాయం) ఉన్న పెడల్ కొనండి, లేదా డ్రమ్మర్ చెవిలో క్లిక్ (టెంపో చెప్పే టిక్కు శబ్దం) పెట్టండి. సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్ శబ్దాలు) లాంటివి ల్యాప్‌టాప్ నుంచి వస్తే, స్టీరియో ఫైలులో ఎడమవైపు క్లిక్, కుడివైపు సింథ్. ఎడమది డ్రమ్మర్ ఇయర్‌ఫోన్లకి, కుడిది డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) మీదుగా మిక్సర్‌కి. మొదటి షోలో నేను ఆ రెండు వైర్లూ తారుమారు చేశాను. నలభై మంది ముందు స్పీకర్లలో టిక్కు టిక్కుమని క్లిక్ మోగింది. డ్రమ్మర్ ఒక చేత్తో ల్యాప్‌టాప్ ఆపి, వాయించడం మాత్రం ఆపలేదు. ఇప్పుడు క్లిక్ వైరుకి ఎర్ర టేపు ఉంటుంది. ప్రతి పాటా ల్యాప్‌టాప్ లేకుండా కూడా ప్రాక్టీస్ చేస్తాం, మీరూ చేయండి.

కండెన్సర్ మైకు ఇంట్లోనే ఉంచండి. స్టేజీ మీద ఎస్ఎమ్58 లాంటి డైనమిక్ మైకు కావాలి. అది వెనకవైపు శబ్దాన్ని బాగా తక్కువగా పట్టుకుంటుంది, అందుకే మీ గొంతు మీకు వినిపించే మానిటర్ స్పీకర్‌ని మైకు వెనక, మీ ముఖానికి ఎదురుగా పెట్టించుకోండి. మైకు తల మీది జాలీని గుప్పిట్లో పట్టుకుంటే కీచుమంటుంది.

డబ్బు గురించి మొదటి షోకి ముందే మాట్లాడుకోవాలి. సాహిత్యం, ట్యూన్ నావి. షో డబ్బు మాత్రం ప్రయాణం ఖర్చు పోగా నలుగురికీ సమానం. వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా అయినా సరే, రాసి పెట్టుకోండి.

ప్రతి రిహార్సల్‌నీ ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఫోన్ డ్రమ్స్‌కి దూరంగా గది మూలన పెట్టి. మీ పాత డెమో బదులు దాన్నే వినండి. కార్ సీట్ హెడ్‌రెస్ట్ పేరుతో ఒంటరిగా మొదలైన విల్ టొలీడో 2011 నాటి తన ఆల్బమ్‌ను బ్యాండ్‌తో మొదటి నుంచీ మళ్లీ చేసి 2018లో విడుదల చేశాడు. మేమూ వచ్చే నెల "రావేమో" పాటను మళ్లీ రికార్డ్ చేస్తున్నాం, జి మేజర్‌లో, రెండే గిటార్లతో.