టోకెలావు పగడపు దీవుల్లో ఊరికి వెళ్లే ముందు

టోకెలావుకి విమానం లేదు. సమోవా రాజధాని ఆపియాలో ఓడెక్కి ఉత్తరంగా దాదాపు 500 కిలోమీటర్లు వెళ్లాలి. సముద్రం బాగుంటే ఒక పగలూ ఒక రాత్రీ, బాగోకపోతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఫకాఓఫో, నుకునోను, అటాఫు అని మూడు పగడపు దీవులు. ఒక్కొక్కటీ నడిమధ్య మడుగు, చుట్టూ చిన్న చిన్న దిబ్బల వరస. మూడూ కలిపినా నేల 12 చదరపు కిలోమీటర్లే. జనం 1,500 దాకా ఉంటారు. ఎంత ఎత్తున్న చోటైనా సముద్రానికి 5 మీటర్లకు మించదు. పాలన పరంగా న్యూజిలాండ్ కిందికి వస్తుంది, కానీ ఊళ్లో మాట చెల్లేది పెద్దల సభది. ఆ సభ పేరు తౌపులేగా.

ఆక్లాండ్‌లోనో ఫిజీలోనో ఉంటున్న మనవాళ్లు పని మీదో పరిశోధన మీదో అటు వెళ్లాల్సి రావచ్చు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్రయాణ జాగ్రత్తలనగానే మనకి ఏమవుతుందోనన్న భయమే ముందు వస్తుంది. ఇక్కడ దానికంటే ముందు ఆలోచించాల్సింది మనవల్ల ఊరికి ఏమవుతుందో. తాగే నీళ్లు, ఓడలో చోటు, ఆసుపత్రిలో మందులు, అన్నీ లెక్కగా ఉండే చోటికి ఒక మనిషి అదనంగా వెళ్తున్నాడు. కింద రాసిన ప్రతి జాగ్రత్తా అందులోంచి వచ్చిందే.

అనుమతి, ఓడ, తేదీలు

టికెట్ కంటే ముందు అనుమతి. ఆపియాలో టోకెలావు కార్యాలయం ఉంది. అక్కడ దరఖాస్తు పెడితే మీరు వెళ్లదలచిన ఊరి తౌపులేగా ఒప్పుకోవాలి. ఎక్కడ ఉంటారో ముందే ఖాయమై ఉండాలి, తిరుగు ప్రయాణపు టికెట్ చూపించాలి. షరతులు మారుతుంటాయి కాబట్టి కనీసం ఒకటి రెండు నెలల ముందే ఆ కార్యాలయానికి రాసి తెలుసుకోండి. భారత పాస్‌పోర్టుతో ఆక్లాండ్ మీదుగా వెళ్లేవాళ్లు ట్రాన్సిట్ వీసా సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. ఎవరో పడవ యజమాని తీసుకెళ్తానన్నాడని అనుమతి లేకుండా వెళ్లి ఒడ్డున దిగడం మాత్రం వద్దు. అది పిలవని ఇంట్లోకి చొరబడటమే.

ఓడ సుమారుగా రెండు వారాలకోసారి వెళ్తుంది. చోట్లు తక్కువ. ఊరివాళ్లకీ, వైద్యానికి వెళ్లే రోగులకీ మొదటి హక్కు. మీ పేరు చివర్లో తీసేసినా, బయల్దేరే రోజు మారినా గొడవ పడకూడదు. ఆపియా నుంచి వెనక్కి వచ్చే విమానాన్ని ఓడ చేరే రోజుకి దగ్గరగా బుక్ చేసుకోవద్దు, కనీసం వారం ఎడం ఉంచండి. సెలవు ముగిసే రోజుని బట్టి ప్రయాణం వేసుకునేవాళ్లు ఇటు రాకపోవడమే మంచిది.

తేదీల దగ్గర ఒక మెలిక ఉంది. సమోవా, టోకెలావు రెండూ 2011 డిసెంబరు 30ని క్యాలెండర్‌లో వదిలేసి తేదీ రేఖకి ఇవతలి పక్కకు వచ్చాయి. ఇప్పుడు టోకెలావు గడియారం మన దేశం కంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా మాత్రం ఇంకా ఒక రోజు వెనకే ఉంది. ఆ దారిన వచ్చేవాళ్లు తేదీ తప్పు లెక్కేసుకుంటే ఓడ పోతుంది, తర్వాతి ఓడ రెండు వారాలకి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. 2005 ఫిబ్రవరి చివర్లో పెర్సీ తుపాను ఈ దీవుల మీదుగా వెళ్లినప్పుడు కెరటాలు ఊళ్లలోకి వచ్చేశాయి. పరుగెత్తి ఎక్కడానికి అక్కడ గుట్ట లేదు. తప్పనిసరి పని కాకపోతే మే, అక్టోబరు మధ్య వెళ్లండి.

దగ్గు, జ్వరం ఉంటే ఓడెక్కొద్దు

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇదే. 1918 నవంబరులో ఆక్లాండ్ నుంచి తాలూన్ అనే ఓడ జ్వరంతో ఉన్న ప్రయాణికులను ఆపియాలో దింపింది. కొన్ని వారాల్లో పశ్చిమ సమోవాలో (ఇప్పటి సమోవా) సుమారు 8,500 మంది ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయారు. అది మొత్తం జనంలో ఐదో వంతు కంటే ఎక్కువ. ఓడలను ఆపి కాపలా పెట్టిన అమెరికన్ సమోవాలో ఒక్కరూ చనిపోలేదు. పాత కథ అనుకోవద్దు. 2019లో సమోవాలో తట్టు వ్యాపించి 83 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది పసిపిల్లలు. కోవిడ్ ప్రపంచమంతా తిరిగినా టోకెలావుకి చేరింది 2022 డిసెంబరులో. అంతవరకూ వాళ్లు సరిహద్దు మూసి ఊరిని కాపాడుకున్నారు.

అందుకే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్మెమ్మార్ టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో ఇంట్లో కాగితాలు తీసి చూడండి. మన తరం వాళ్లలో చాలామందికి ఒక్కటే పడి ఉంటుంది. ఫ్లూ, కోవిడ్, టెటనస్, హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ టీకాల గురించి డాక్టర్ని కనీసం ఆరు వారాల ముందు అడగండి. ఓడెక్కే రోజు ఒంట్లో నలతగా ఉంటే దాచకుండా చెప్పి ఆగిపోండి. మాత్ర వేసుకుని జ్వరం దించుకుని ఎక్కేయడం పాపం, మరో మాట లేదు.

ఒక్కో దీవిలో చిన్న ఆసుపత్రి, డాక్టరు, నర్సులు ఉంటారు. ఆపరేషన్ కావాల్సి వస్తే ఆపియాకి ఓడలో తీసుకెళ్లాలి. ప్రయాణానికి ముందే పళ్లు చూపించుకోండి. గుండె జబ్బు ఈ మధ్యే బయటపడినవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు వెళ్లొద్దు. బీపీ, షుగర్ మందులు ఉండబోయే రోజులకి రెట్టింపు, రెండు సంచుల్లో విడిగా. మందుల చీటీ కూడా వెంట ఉండాలి. ఓఆర్ఎస్, గాయాలకి మందు, గాజుగుడ్డ, థర్మామీటర్ మీవే తెచ్చుకోండి. ఊరి ఆసుపత్రి బీరువా ఊరివాళ్లది.

సంచి దులుపుకోండి

మన కొబ్బరి తోటల్ని తినే కొమ్ము పురుగు కోనసీమ రైతుకి బాగా తెలుసు. అదే పురుగు 1909లో సిలోన్ నుంచి వచ్చిన రబ్బరు మొక్కలతో సమోవాలో అడుగుపెట్టి, అక్కణ్ణుంచి పసిఫిక్ దీవులకు పాకింది. పగడపు దీవిలో కొబ్బరి చెట్టంటే తిండి, తాగడానికి నీళ్లు, ఇంటికప్పు, తాడు. అది పోతే బదులు ఇంకో పంట ఉండదు. చీమలు, ఎలుకలు, కలుపు విత్తనాలు కూడా ఇలాగే సామానుతో వస్తాయి. బూట్ల అడుగున మట్టి కడిగి ఆరబెట్టండి. గుడారం, చాపలు, సంచి మూలలు దులపండి. విత్తనాలు, మొక్కలు, పచ్చి పళ్లు, కరివేపాకు రెమ్మలు వద్దు. ఇంట్లో పెట్టిన ఆవకాయ న్యూజిలాండ్‌లోనో సమోవాలోనో తనిఖీలో పోవచ్చు. కంపెనీ ప్యాకింగ్‌వి తీసుకెళ్లి, ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి.

ఓడ మీద, దిగేటప్పుడు

1955 అక్టోబరు 3న జోయీటా అనే పడవ 25 మందితో ఆపియా నుంచి టోకెలావుకి ఒక్క ఇంజనుతో బయల్దేరింది. ఐదు వారాల తర్వాత సగం మునిగి తేలుతూ దొరికింది, అందులో మనుషులెవరూ లేరు. ఇప్పుడు తిరుగుతున్న ఓడలకు అప్పటితో పోలిక లేదు, భద్రత చాలా మెరుగుపడింది. అయినా ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూసుకోండి, రాత్రిపూట ఒంటరిగా అంచున నిలబడకండి. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పని చేయదు, ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి.

దీవి దగ్గర ఓడ ఆగే రేవు లేదు. పగడపు గట్టు బయట ఓడ నిలుస్తుంది. అక్కడ చిన్న పంటులోకి దిగితే, గట్టులో కోసిన ఇరుకు దారి గుండా ఒడ్డుకు తీసుకెళ్తారు. గోదావరి మీద పంటు దాటినట్టు ఉండదు. కెరటంతో పాటు పంటు మనిషెత్తు లేచి పడుతుంది. సిబ్బంది దూకమన్న క్షణంలో దూకాలి, ఆగమంటే ఆగాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పాస్‌పోర్టు, మందులు, ఫోను నీళ్లు చొరని సంచిలో పెట్టి వీపుకి కట్టుకోండి. చీర, పొడుగు చున్నీ ఆ పూటకి వద్దు. పిల్లల్ని మీరే ఎత్తుకుని దూకకండి, వాళ్ల చేతికివ్వండి.

నీళ్లు, తిండి

తాగేది వాన నీరు, ఇంటికప్పు మీద పడి ట్యాంకులో చేరినది. 2011లో లానినా అనే పసిఫిక్ వాతావరణ మార్పు వల్ల నెలల తరబడి వాన లేక అక్టోబరులో టోకెలావు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అప్పుడు తాగే నీళ్లు ఓడలో తేవాల్సి వచ్చింది. ట్యాంకులో ఎంతుందో ఇంటివాళ్లను అడగడానికి మొహమాటపడకండి. స్నానం ఒక బకెట్‌తో కానివ్వండి. బట్టలు వాళ్లు ఉతికే రోజే ఉతుక్కోండి. తాగే నీళ్లు కాచుకోండి.

ఊరంతా కలిసి పట్టిన చేపల్ని ఒక్కచోట పోసి ప్రతి ఇంటికీ, మనుషుల లెక్కన, పంచుతారు. దీన్ని ఇనాతి అంటారు. వేటకి వెళ్లలేని ముసలివాళ్లకీ వితంతువులకీ అందులో వాటా ఉంటుంది. ఇంత న్యాయంగా తిండి పంచుకునే ఊళ్లు లోకంలో ఎన్నున్నాయి? మీరు తినేది మీకు బస ఇచ్చిన ఇంటి వాటాలోంచే. కాబట్టి మీవంతు బియ్యం, పప్పు, పంచదార, పాలపొడి ఆపియాలో కొని తీసుకెళ్లి ఆ ఇంటావిడకి అప్పగించండి. నగదుగా న్యూజిలాండ్ డాలర్లు ఉండాలి, అక్కడ ఏటీఎం లేదు. ఊరికి ఏదైనా ఇవ్వాలనుంటే తౌపులేగా ద్వారానో, ఫతుపాయెపాయె అనే మహిళా సంఘం ద్వారానో ఇవ్వండి. దారిలో కనిపించిన పిల్లలకి డబ్బులూ చాక్లెట్లూ పంచడం ఆ పద్ధతిని చెడగొడుతుంది.

శాకాహారులకి కష్టమే. సీమ పనస, కొబ్బరి, గోతుల్లో పెంచే చేమ జాతి దుంపలు ఉంటాయి గానీ కూరగాయలు ఓడ వస్తేనే. చేప తినరని అనుమతి అడిగే రోజునే చెప్పండి, విస్తరి ముందు కూర్చున్నాక కాదు.

చేప తినేవాళ్లకి వేరే జాగ్రత్త. గట్టు దగ్గర తిరిగే పెద్ద చేపల్లో సిగ్వటెరా అనే విషం ఉండొచ్చు. అది నాచులో పుట్టి, చిన్న చేపల్ని పెద్దవి తింటూ పోయేకొద్దీ పేరుకుంటుంది. వాసన, రుచి తేడా తెలియదు. ఉడికించినా, ఐసులో పెట్టినా పోదు. వాంతులు, విరేచనాలు, నోటి చుట్టూ తిమ్మిరి, చల్లటిది ముట్టుకుంటే కాలినట్టుండటం దాని గుర్తులు. ఏ గట్టు చేప తినొచ్చో ఊరివాళ్లకి తెలుసు. వాళ్లు తినని చేప మీరూ తినకండి. బరాకుడా, మోరే ఈల్ అసలే వద్దు, ఏ గట్టు చేపకైనా తల, కాలేయం వదిలేయండి. నడిసముద్రపు ట్యూనాకి ఈ భయం లేదు.

గట్టు మీద

2010లో అటాఫుకి చెందిన ముగ్గురు కుర్రాళ్లు చిన్న అల్యూమినియం పడవలో బయల్దేరి కొట్టుకుపోయారు. 50 రోజుల తర్వాత ఫిజీ దగ్గర ఒక ట్యూనా ఓడ వాళ్లని కాపాడింది. పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్లలో ఈదినవాళ్లు వాళ్లు. మడుగు నీలంగా, నిశ్చలంగా కనిపిస్తుంది గానీ పాటు సమయంలో గట్టు సందుల గుండా నీరు బయటికి లాగేస్తుంది. ఊరివాళ్లు తోడు లేకుండా, చెప్పకుండా ఈతకి దిగొద్దు, పడవ తీయొద్దు.

గట్టు మీద నడవాలంటే గట్టి అడుగున్న చెప్పులు కావాలి. పగడం గీరుకుంటే చిన్నదని వదిలేయకండి, కాచి చల్లార్చిన నీళ్లతో సబ్బు పెట్టి లోపలి ఇసుక పోయేదాకా కడిగి మందు రాయండి. రాయిలా కనిపించే విషపు చేప స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు ఉంచి ఆసుపత్రికి కబురు పెట్టండి. శంకు ఆకారపు గవ్వలు ఎంత అందంగా ఉన్నా చేతిలోకి తీసుకోవద్దు, వాటి కాటు ప్రాణం తీయగలదు. దిబ్బల్లో కొన్నిటిని పెద్దలు లఫు అని మూసి ఉంచుతారు. అక్కడ చేపలు పట్టడం, ఏదైనా ఏరడం నిషేధం. కొబ్బరికాయ కింద పడి ఉన్నా అది ఎవరిదో ఒకరిది. కొబ్బరి చెట్ల కింద పడుకోవద్దని మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్లో నడవడిక

ఆదివారం చర్చి, భోజనం, విశ్రాంతి. ఈత లేదు, వేట లేదు, బట్టలుతకడం లేదు. మీ మతం ఏదైనా సరే ఆ రోజు గొంతు తగ్గించి ఉండండి. పిలిస్తే చర్చికి వెళ్లండి. సాయంత్రం ప్రార్థన వేళ వీధిలో తిరగకండి. మోకాళ్లు కప్పే బట్టలు కావాలి, ఈతకి దిగినా సరే. లుంగీలా చుట్టుకునే లావాలావా అక్కడ ఆడా మగా అందరూ కడతారు, మన సల్వార్ కమీజ్, చీర కూడా చక్కగా సరిపోతాయి. పెద్దలు కూర్చుని ఉంటే వాళ్ల ముందు నిలబడి మాట్లాడకండి. పలకరింపుకి మాలో నీ, కృతజ్ఞతకి ఫకఫెతాయి. మనుషుల్ని, ఇళ్లని, సమాధుల్ని అడిగి ఫోటో తీయండి. ఫకాఓఫోలో ఊరు చాలావరకు చిన్న దిబ్బ మీద కిక్కిరిసి ఉంటుంది, మీరు దారి అనుకున్నది ఒకరి వాకిలి. మద్యం సంగతి ఊరి పెద్దలు పెట్టిన నియమం ప్రకారమే.

కరెంటు 2012 నుంచి ఎక్కువగా సోలార్‌దే. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ తేవద్దు, ఫోన్లు పగలు ఛార్జ్ చేసుకోండి.

వచ్చేటప్పుడు

తీసుకెళ్లిన బ్యాటరీలు, ప్లాస్టిక్ సీసాలు, మందుల రేకులు, పాడైన ఛార్జర్లు అన్నీ మూటగట్టి ఆపియాకి వెనక్కి తెచ్చేయండి. ఆ దీవిలో చెత్త పాతిపెట్టడానికి చోటు లేదు. గవ్వలు, పగడాలు, తాబేటి చిప్పలు సంచిలో పెట్టుకోవద్దు. దోమలు పగలే కుడతాయి. మలేరియా లేదు గానీ డెంగీ ఉంటుంది. తిరిగొచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్‌కి ముందే చెప్పండి. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టుకోకుండా పారాసిటమాల్ మాత్రమే వేసుకోండి.