జ్వరం కేసు షీటులో గొడ్డూ గోదా, పొలం: హౌస్ సర్జన్లకు నేర్పే పద్ధతి

మనిషి, పశువు, పరిసరాల ఆరోగ్యం ఒకటేనన్న పాఠాన్ని మెడికల్ కాలేజీల్లో ఒక క్లాసుతో సరిపెడతారు. పరీక్ష అయ్యాక అది ఎవరికీ గుర్తుండదు. నేర్పాల్సిన చోటు ఓపీ గది, అదీ జ్వరం కేసు షీటులో. పిహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పోస్టింగులో ఉన్న హౌస్ సర్జన్ చేత ఈ పనిని మొదటి వారం నుంచే చేయించవచ్చు.

ముందు ప్రశ్న మార్చాలి. "మీ ఇంట్లో పశువులున్నాయా?" అంటే కూలికి వెళ్లి పక్కవాళ్ల గేదెల పాలు పిండే మనిషి లేవంటాడు. అబద్ధం కాదు, ప్రశ్నే తప్పు. "ఈ నెలలో పాలు పిండారా, పేడ ఎత్తారా, ఈనేటప్పుడు చేయి వేశారా, మేకనో గొర్రెనో కోశారా?" అని పనుల పేర్లు చెప్పి అడగాలి. తర్వాత "ఏ గొడ్డయినా ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకముందే చూడి పోయిందా? మాయ పడకపోతే ఎవరు తీశారు? పచ్చిపాలు తాగే అలవాటుందా?" పొలం వైపు నుంచి అయితే దమ్ము, నాట్లు, కాలువ పనులు, కాళ్ల మీద పగుళ్లు, గట్ల మీద గడ్డి కోత, పొదల దగ్గర కూర్చోవడం.

ఎంత వెనక్కి వెళ్లి అడగాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. పొదల్లో, గడ్డిలో ఉండే సన్నటి పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి 6 నుంచి 21 రోజులు. ఎలుక జ్వరానికి, అంటే లెప్టోస్పైరోసిస్‌కి, ఎక్కువగా 5 నుంచి 14 రోజులు, ఒక్కోసారి నెల దాకా. పశువుల నుంచి, పచ్చిపాల నుంచి సోకే బ్రూసెల్లోసిస్‌కి మామూలుగా 1 నుంచి 4 వారాలు, కానీ నెలలు కూడా పట్టవచ్చు. అందుకే ఈసుకుపోయిన గొడ్డు సంగతి ఆర్నెల్ల వెనక్కి అడగాలి.

స్క్రబ్ టైఫస్‌లో కనిపించే నొప్పిలేని నల్లటి పెచ్చు చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం చుట్టూ, చెవి వెనక దాక్కుంటుంది. బట్టలు తీసి చూడకపోతే దొరకదు. తెర, ఆడవాళ్లకు తోడు నర్సు లేకుంటే ఆ పరీక్ష జరగదు. జరగలేదన్నది షీటులో "పెచ్చు లేదు" అని నమోదవుతుంది. ఇలాంటి నల్లటి పుండే చేతి మీద, ముంజేతి మీద, చుట్టూ బాగా వాచి, నొప్పి లేకుండా ఉంటే, అదీ చచ్చిన పశువును కోసిన మనిషికి వస్తే, ఆలోచన ఆంత్రాక్స్ వైపు, అంటే పశువుల నుంచి సోకే ప్రమాదకరమైన జబ్బు వైపు మళ్లాలి. ఆ కబురు రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు. వెంటనే పశువైద్యుడికి చెప్పాలి, కళేబరాన్ని ఎవరూ కోయకుండా చూడాలి. కోస్తే సూక్ష్మక్రిమి గాలి తగిలి స్పోర్లుగా మారి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

పరీక్షల దగ్గర ఎక్కువమంది తడబడేది టైఫాయిడ్‌కి చేసే వైడల్ రక్తపరీక్షతో. ఒక్క శాంపిల్‌లో 1:80 (రక్తాన్ని 80 రెట్లు పలుచన చేసినా పాజిటివ్) వచ్చిందని టైఫాయిడ్ రాసేసి సెఫ్‌ట్రియాక్సోన్ మొదలుపెడతారు. ఆ మందు స్క్రబ్ టైఫస్‌కి పనిచేయదు. జ్వరం ఐదో రోజుకు ముందు తీసిన ఐజీఎం ఎలైసా (రక్తంలో కొత్త యాంటీబాడీలు చూసే పరీక్ష) నెగెటివ్ వచ్చినంత మాత్రాన స్క్రబ్ గానీ, లెప్టో గానీ కాదనడానికి లేదు. అనుమానం గట్టిగా ఉంటే పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, రెండో శాంపిల్ తర్వాత తీసుకోవాలి. స్క్రబ్‌లో గర్భిణులకు అజిత్రోమైసిన్. కామెర్లు, మూత్రం తగ్గడం, ఆయాసం ఉంటే పిహెచ్‌సీలో ఉంచకుండా పెద్దాసుపత్రికి పంపాలి.

బ్రూసెల్లోసిస్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే వదిలేస్తున్నది దాన్నే. వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుంనొప్పి, కీళ్లనొప్పులు, మగవాళ్లలో వృషణం వాపు. గొర్రెల కాపరికి నడుంనొప్పితో నెలల జ్వరం ఉంటే అందరి కన్నూ వెన్నెముక టీబీ మీదే పడుతుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ బ్రూసెల్లాను కూడా కొంత అణచడంతో రోగి తేరుకున్నట్టే ఉంటాడు, తర్వాత తిరగబెడుతుంది. కాబట్టి టీబీ మందులకు ముందే రక్తం తీసి బ్రూసెల్లా యాంటీబాడీలు చూసే రోజ్ బెంగాల్, ట్యూబ్ అగ్లుటినేషన్ పరీక్షలు చేయించాలి. యాంటీబాడీలు మరీ ఎక్కువున్న రక్తం తక్కువ పలుచన దగ్గర నెగెటివ్‌గా కనిపిస్తుంది. 1:320 దాటేదాకా పలుచన చేయమని ల్యాబుకు చెప్పాలి. 1:160, ఆపైన వచ్చి లక్షణాలు కూడా సరిపోతే బ్రూసెల్లోసిస్ అనుకోవచ్చు.

రక్తం కల్చర్‌కు పంపితే ఫారం మీద "బ్రూసెల్లా అనుమానం" అని పెద్ద అక్షరాల్లో రాయాలి. ఇది మర్యాద కోసం కాదు. తెలియకుండా ప్లేటు తెరిచిన టెక్నీషియన్‌కే జబ్బు అంటుకుంటుంది.

వైద్యం ఆరు వారాలు, రెండు మందులు: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, దానితో రోజుకు 600 నుంచి 900 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్. రిఫాంపిసిన్ ఇచ్చేముందు టీబీ లేదని తేల్చుకోవాలి. రెండు వారాలకే జ్వరం తగ్గి రోగి మందులు మానేస్తాడు, తిరగబెట్టడానికి ముఖ్య కారణం అదే.

ఇక్కడిదాకా మనిషి వైద్యం. సగం పని ఇంకా మిగిలే ఉంది. మండలంలోని పశువైద్యశాలకు ఫోన్ చేయాలి. నంబరు ఓపీ గోడ మీద ఉండాలి, లేకపోతే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి చేయాలి. ఊరి పేరు, ఏ జాతి పశువు, చూడి ఎన్నో నెలలో ఈసుకుపోయింది, ఎన్ని గొడ్లకు జరిగింది, ఇవి చెబితే చాలు. రోగి పేరు ఆయన ఒప్పుకుంటేనే. పాలు అమ్మే ఇంటికి జబ్బు పేరు అంటితే మరుసటి రోజు నుంచి పాలు కొనేవాళ్లుండరు, ఆపై ఆ ఊళ్లో ఎవరూ మీకు నిజం చెప్పరు.

పశువైద్యుడు మందలో రక్తం తీస్తాడు, ఆవుపాలకు మిల్క్ రింగ్ పరీక్ష (పాలలో బ్రూసెల్లా యాంటీబాడీలు చూసేది) చేస్తాడు. అది మేక, గొర్రె పాలకు నమ్మదగ్గది కాదు. ఈనిన కొత్తలోనూ, పొదుగువాపు ఉన్నప్పుడూ తప్పుగా పాజిటివ్ రావచ్చు. బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల ఆడదూడలకు ఒక్కసారి వేస్తారు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకంలో అది ఉంది. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. వేసేటప్పుడు సూది గుచ్చుకున్న పశుసంవర్ధక సహాయకుడు మీ ఓపీకే వస్తాడు, అప్పుడు "టీకా కదా, ఏం కాదు" అని పంపేయకూడదు. రైతుకు చెప్పాల్సినవి: మాయను ఒట్టి చేత్తో తీయొద్దు, మాయనూ పడిన పిండాన్నీ కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చాలి, పాలు పొంగించి కాచే తాగాలి.

కేసును ఐహెచ్ఐపీ (ప్రభుత్వం జబ్బుల సమాచారం సేకరించే) పోర్టల్‌లో అనుమానం దశలోనే పీ ఫారంలో నమోదు చేయాలి, ల్యాబు తేల్చాక ఎల్ ఫారం.

బోధనకు వేరే బడ్జెట్ అక్కర్లేదు. 2022 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకుంటున్నారు కదా, ఆ కుటుంబం వివరాలు రాసే ఫోల్డర్‌లో ఒక పేజీ కలిపితే చాలు: పశువులు, టీకాలు, పాలు కాచే తీరు, పేడకుప్ప ఎంత దూరం, తాగునీరు ఎక్కడిది, ఎలుకలు. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ, పశువైద్య కళాశాల ఒకే ఊళ్లో ఉన్నాయి. అలాంటి చోట రెండు కాలేజీల హౌస్ సర్జన్లను ఒకే ఉదయం ఒకే ఊరికి పంపి, ఒకరు మనుషులను, ఒకరు గొడ్లను చూశాక ఇద్దరి చేతా ఒకే షీటు రాయించవచ్చు. మిగతా చోట్ల నెలకోసారి పశువైద్యుణ్ని పిహెచ్‌సీకి పిలిచి, పది జ్వరం షీట్లు ఏరి చదివించాలి. పశువుల గడిలో "లేవు" అని ఎక్కడ రాశారో, ఏ ప్రశ్న అడిగి రాశారో అక్కడే తేలుతుంది.

పశువైద్యుడి నుంచి వచ్చిన ఫలితాన్ని అదే కేసు షీటులో ఎక్కించాలి. మంద నెగెటివ్ వస్తే, రోగి తాగిన పాలు ఎక్కడివో మళ్లీ అడగాలి.