నిద్రలో పళ్లు కొరికే అలవాటుకు సెల్ఫ్ హిప్నాసిస్: ఎలా చేయాలి?

పిల్లలు నిద్రలో పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని మన ఇళ్లలో అనడం మామూలే. పెద్దవాళ్లలో మాత్రం ఈ అలవాటు వెనుక తరచుగా కనిపించేది మానసిక ఒత్తిడి. శరీరాన్ని వదులు చేసి, మనసుకు మనమే సూచనలు చెప్పుకోవడమే సెల్ఫ్ హిప్నాసిస్. అది మొదలుపెట్టే ముందు దంతవైద్యుడికి చూపించుకోండి. గురక ఎక్కువగా ఉన్నా, డిప్రెషన్‌కు మందులు వాడుతున్నా ఆ సంగతి తప్పక చెప్పండి, ఎందుకంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) వల్లా కొన్ని మందుల వల్లా కూడా పళ్లు కొరకడం జరుగుతుంది. నైట్ గార్డు (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) ఇస్తే మానకండి; అది పంటిని అరగకుండా కాపాడుతుందే గానీ దవడ బిగువును పోగొట్టదు. సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం వంటి తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవారు సెల్ఫ్ హిప్నాసిస్‌ను సొంతంగా చేయకూడదు.

పడుకునే ముందు పదిహేను నిమిషాలు కుర్చీలోనే కూర్చోండి. మంచం మీద చేస్తే అసలు మాట చెప్పుకొనేలోపే నిద్ర పట్టేస్తుంది. కళ్లు మూసుకొని, ఊపిరి నెమ్మదిగా వదులుతూ పది నుంచి ఒకటి దాకా లెక్కపెడుతూ నుదురు, భుజాలు, చేతులు వదులు చేయండి.

ఇక దవడ. చాలామంది పాడుచేసేది ఇక్కడే. "నేను పళ్లు కొరకను" అని పట్టుదలగా అనుకుంటారు. అలా అనుకుంటూ చెవి ముందు, చెంప మీద వేళ్లు ఆనించి చూడండి: నేను నేర్పినవారిలో చాలామందికి ఆ కండరం వేళ్ల కింద ఉబ్బడం తెలిసింది. వద్దనుకున్న పనినే మనసు తలచుకుంటుంది. కాబట్టి జరగవలసినదే చెప్పుకోవాలి: "పెదవులు కలిసి ఉన్నాయి, పళ్లు విడిగా ఉన్నాయి, దవడ బరువుగా వేలాడుతోంది." దవడను బలవంతంగా తెరవకండి. 'ల' పలికేటప్పుడు నాలుక కొస ఎక్కడ ఆనుతుందో అక్కడే దానిని ఉంచితే, పళ్ల మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎడం సహజంగానే ఏర్పడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ఉపాధ్యాయిని దండెం మీద వేలాడే తడి తువ్వాలును ఊహించుకునేవారు. మీకూ అలాంటి సొంత బొమ్మ ఒకటి కావాలి. తర్వాత, ఊపిరి వదిలినప్పుడల్లా, "నిద్రలో పళ్లు తాకగానే దవడ దానంతటదే వదులవుతుంది" అని పదిసార్లు చెప్పుకోండి.

ఇతరుల ఆడియోలను నేను ఒప్పుకోను. మీ మాటలను మీ యాసలో, మీ గొంతుతోనే రికార్డు చేసుకొని వినండి.

1991లో ఎనిమిది మందిపై జరిగిన చిన్న అధ్యయనంలో హిప్నోథెరపీ తర్వాత రాత్రివేళ దవడ కండరాల బిగువు తగ్గినట్టు నమోదైంది. అది ఆశ కలిగించేదే గానీ, అందరికీ పనిచేస్తుందన్న హామీ కాదు. అందుకే లేవగానే దవడ నొప్పి, కణతల నొప్పి ఎంత ఉన్నాయో రోజూ రాసుకోండి. ఆరు వారాలకు కూడా తగ్గకపోతే ఆ కాగితం పట్టుకొని, హిప్నోథెరపీలో శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టును కలవండి.